కుడికి తిప్పినప్పుడే ఏబీఎస్ లైటు. సెన్సర్ మార్చినా పోలేదు, ఇప్పుడు యూనిట్ మార్చాలంటున్నారు

కోనసీమ టీచర్:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం. ముమ్మిడివరం దాటాక ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. రోజూ పోనూ రానూ 46 కిలోమీటర్లు. సగం 216 హైవే మీద, సగం కాలవ గట్టు మీద. కారు మా నాన్నగారిది, 2009 పెట్రోల్ సెడాన్. 1,34,000 కిలోమీటర్లు తిరిగింది. అప్పట్లో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) అన్ని కార్లకూ వచ్చేది కాదు, ఈ కారులో పై వేరియంట్‌కే ఉండేది. అది ఉండి తీరాలని నాన్న పట్టుబట్టి, ఎక్కువ డబ్బు పెట్టి అదే కొన్నారు. అందుకే దీన్ని ఎలాగైనా బాగుచేయించాలని నా పట్టుదల.

ఆగస్టు మొదటి వారం నుంచి డాష్‌బోర్డులో పసుపుపచ్చ ఏబీఎస్ లైటు వస్తోంది. ఎప్పుడూ ఉండదు. బండి ఆపి, తాళం తీసి, మళ్ళీ స్టార్ట్ చేసి కాస్త ముందుకు పోనిస్తే ఆరిపోతుంది. తర్వాత ఎక్కడో ఒక చోట మళ్ళీ వెలుగుతుంది. ఎర్ర బ్రేకు లైటు మాత్రం ఇంతవరకూ రాలేదు.

ఊళ్ళో ఒక వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టి చూశారు. సీ 0035 అని కోడ్ వచ్చింది. ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ అన్నారు. కొత్తది వేశారు, కూలితో కలిపి 4,200 అయింది. మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు మళ్ళీ అదే లైటు, అదే కోడ్. ‘సెన్సర్ కొత్తదే కాబట్టి ఇక పోయింది ఏబీఎస్ యూనిట్టే, మార్చాలంటే 46,000’ అంటున్నారు ఇప్పుడు. యూనిట్ అంటే ఏబీఎస్‌ని నడిపించే పెట్టె.

డబ్బు సంగతి సరే. నా భయం వేరే. పోయిన నెల సన్న చినుకులో వస్తుంటే గట్టు మీద గేదె అడ్డం వచ్చింది. అప్పటికే లైటు వెలిగి ఉంది. గట్టిగా బ్రేకు తొక్కాను. చక్రాలు పట్టేశాయి, కారు పక్కకి జారింది, స్టీరింగ్ ఎటు తిప్పినా బండి మాత్రం తిరగలేదు. కాలవ అంచుకి రెండడుగుల దూరంలో ఆగింది. వెనక సీట్లో మా అబ్బాయి ఉన్నాడు. ఆ రోజు నుంచి ఈ లైటు కనిపిస్తే చాలు, నా చేతులు చల్లబడిపోతున్నాయి.

లైటు వచ్చిన ప్రతిసారీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఇప్పటికి 14 సార్లు. అందులో 9 సార్లు మా స్కూలు గేటు దగ్గర, రోడ్డు మీంచి కుడికి లోపలికి తిరిగేటప్పుడు. 3 సార్లు మా వీధి చివర కుడికి తిరిగేటప్పుడు. 2 సార్లు మార్కెట్ దగ్గర రివర్స్ తీస్తున్నప్పుడు, అప్పుడూ స్టీరింగ్ కుడికే ఉంది. హైవే మీద స్పీడులో ఉండగా ఒక్కసారి కూడా రాలేదు. వాన పడిన రోజులు 5, పడనివి 9.

నిజంగా యూనిట్టే పోయిందంటారా? డబ్బు కట్టేముందు ఇంట్లో నేను చూసుకోగలిగింది ఏమైనా ఉందా? స్కూల్ ల్యాబులో మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు. 900 పెట్టి ఒక బ్లూటూత్ స్కానర్ కూడా కొన్నాను. దాంట్లో తప్పులేమీ లేవనే వస్తోంది.

గోదారి రోడ్లు:

మేడమ్, ముందు సులువుగా చూసేవి చూడండి. బ్రేకు ఆయిల్ డబ్బాలో గీత దాకా ఉందా? నాలుగు టైర్లూ ఒకే సైజేనా? ఎప్పుడైనా స్టెప్నీ వేసుకుని అలాగే వదిలేశారా? సైజు తేడా ఉంటే ఆ చక్రం తిరిగే వేగం మిగతావాటితో కలవదు, యూనిట్ తప్పు పట్టుకుంటుంది.

తర్వాత బ్యాటరీ. నాకు పొద్దున్న మొదటి స్టార్టింగ్‌లోనే లైటు వచ్చేది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9 వోల్టుల దాకా పడిపోతోంది. బ్యాటరీ మార్చాక మళ్ళీ రాలేదు. స్టార్ట్ అయ్యాక మీ మీటరు 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తే ఛార్జింగ్ బాగున్నట్టే.

బ్లూటూత్ స్కానర్ మాట నమ్మకండి. ఆ రకం చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ఏబీఎస్ యూనిట్‌తో మాట్లాడటం వాటికి రాదు.

నాలుగు చక్రాలు:

మా బాబాయ్ కారుకి ఇలాగే వస్తే ఏబీఎస్ ఫ్యూజు తీసేశారు. రెండేళ్ళయింది, బ్రేకులు బాగానే పడుతున్నాయి. ఏబీఎస్ లేని కార్లు ఎన్ని తిరగడం లేదు? 46,000 ఎందుకు తగలేయడం?

ఆటోనగర్ వైరింగ్:

విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్ళుగా నాది వైరింగ్ పనే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఫ్యూజు సంగతి. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. ఏబీఎస్ లేకుండా తయారైన కారులో వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గించడానికి విడిగా వాల్వు పెడతారు. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో ఆ వాల్వు ఉండదు, ఆ పని కూడా ఏబీఎస్ యూనిట్టే చూసుకుంటుంది. ఈబీడీ అంటారు దాన్ని. ఫ్యూజు పీకితే ఏబీఎస్‌తో పాటు అదీ పోతుంది. గట్టిగా బ్రేకు కొడితే వెనక చక్రాలు ముందుగా పట్టేసి బండి గిర్రున తిరగొచ్చు. పసుపు లైటుతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే అర్థం అదే కావచ్చు. టీచర్ గారి కారులో ఎర్ర లైటు రాలేదు కాబట్టి ఈబీడీ ఇంకా పనిచేస్తుండాలి. అది నిలబెట్టుకోవాలి. ఎర్ర లైటు కూడా వచ్చిన రోజున మాత్రం బండి నడపకండి.

ఇక అసలు విషయం. టీచర్ గారూ, జబ్బు ఏమిటో మీ నోట్‌బుక్కే సగం చెప్పేసింది. 14కి 14 సార్లూ స్టీరింగ్ కుడికే ఉంది. ఏబీఎస్ యూనిట్ ఇంజిన్ బేలో బాడీకి బిగించి ఉంటుంది. స్టీరింగ్ ఎటు తిరిగిందో దానికి తగిలేది కాదు. స్టీరింగ్‌తో పాటు కదిలేది చక్రం, స్ట్రట్ (చక్రం పైన షాక్ అబ్జార్బర్ ఉండే గొట్టం), వాటి మీదుగా వచ్చే వైరు. నేనైతే ఆ వైరు చూడకుండా యూనిట్ మీద చెయ్యి వేయను. యూనిట్ పోతే చాలావరకు పంపు మోటారు కోడో, రిలే కోడో వస్తుంది, లేకపోతే స్కానర్‌కి యూనిట్ అసలు దొరకదు. అదీ తిప్పితే వచ్చి, తిన్నగా ఉంటే పోయేది కాదు.

సీ 0035 అంటే ‘ముందు ఎడమ సెన్సర్ సర్క్యూట్’. సర్క్యూట్ అన్న మాట గుర్తుపెట్టుకోండి. సెన్సరు, దాని కప్లరు (వైర్లని కలిపే ప్లగ్గు), అక్కడి నుంచి యూనిట్ దాకా రెండు వైర్లు, యూనిట్ కప్లరులో రెండు పిన్నులు, అన్నీ కలిపి సర్క్యూట్. కోడ్ వీధి పేరే చెబుతుంది, ఇంటి నంబరు మనం వెతుక్కోవాలి. ఇంకో మాట, ఎడమ అంటే డ్రైవర్ సీట్లో కూర్చుంటే ఎడమ. కారు ఎదురుగా నిలబడి ఎడమ అనుకుని అవతలి చక్రం సెన్సర్ మార్చిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. కొత్త సెన్సర్ ఏ చక్రానికి ఉందో ఒకసారి చూడండి.

సెన్సర్లు రెండు రకాలు. పాత రకంలో అయస్కాంతం చుట్టూ తీగ చుట్ట ఉంటుంది. ఎదురుగా డ్రైవ్‌షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) మీద ఇనుప పళ్ళ రింగు తిరుగుతుంది. పన్ను దగ్గరికి వచ్చి పోతున్నప్పుడల్లా చుట్టలో చిన్న ఏసీ కరెంటు పుడుతుంది. మీ సైన్సు పాఠమే ఇది. కొత్త రకానికి యూనిట్ నుంచి కరెంటు వెళ్తుంది. ఆ సెన్సర్ 7 మిల్లీ యాంపులు, 14 మిల్లీ యాంపులు, ఈ రెండింటి మధ్య మారుతూ సిగ్నల్ ఇస్తుంది. దాన్ని ఓమ్స్‌లో కొలిస్తే ఏమీ తెలియదు. మీ కారులో డ్రైవ్‌షాఫ్ట్ మీద పళ్ళ రింగు కనిపించి, సెన్సర్ రెండు వైర్ల మధ్య సుమారు 800 నుంచి 2,000 ఓమ్స్ లోపు వస్తే పాత రకమే. 2009 బండి కాబట్టి అదే అయ్యుంటుందని నా అంచనా.

చేయాల్సింది ఇది. ఇగ్నిషన్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పండి. రెండు ముందు చక్రాల సెన్సర్ కప్లర్లు ఊడదీసి, సెన్సర్ వైపు ఓమ్స్ కొలవండి. పుస్తకంలో ఉండాల్సిన అంకె ఎంతో తెలియదని కంగారు పడకండి, రెండో పక్క చక్రమే మీ పుస్తకం. రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. తర్వాత కప్లర్లు మళ్ళీ పెట్టేసి, ఏబీఎస్ యూనిట్ దగ్గరి పెద్ద కప్లరు ఊడదీయండి. సెన్సర్ కప్లరు దగ్గర బాడీ వైపు వైర్ల రంగులు చూసుకుని, పెద్ద కప్లరులో అవే రంగుల పిన్నులు వెతకండి. అక్కడి నుంచి కొలవండి. సెన్సర్ దగ్గర వచ్చిన అంకే ఇక్కడా రావాలి. అలా మీటరు పెట్టి ఉంచి, ఇంకొకరిని స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పమనండి. ఇంజిన్ ఆన్ చేయకూడదు కాబట్టి బరువుగా ఉంటుంది, ముందు చక్రాలు రెండూ జాకీతో లేపి స్టాండ్ల మీద పెడితే తేలిక. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టండి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కింద చెయ్యి పెట్టొద్దు. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం ఒక మెట్టు తిప్పి ఉంచాలి, బ్యాటరీ విప్పే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

అంకె కదిలిందా, వైరు దొరికినట్టే. కదలకపోతే వైరు పొడుగునా చేత్తో ఆడిస్తూ రండి. అప్పుడే ఒక్కో వైరుకీ బాడీకీ మధ్య కూడా కొలవండి, అక్కడ ఏమీ రాకూడదు. వస్తే వైరు తొక్క ఒరుసుకుపోయి బాడీకి తగులుతున్నట్టు.

ఆ తర్వాత ఏసీ వోల్టులు. పెద్ద కప్లరు దగ్గరే మీటరు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తో సెకనుకి ఒక చుట్టు చొప్పున తిప్పండి. వోల్టులో పదో వంతు నుంచి పైకి ఎంతో కొంత రావాలి. రెండు పక్కలా ఒకేలా ఉండాలి. ఒక జాగ్రత్త, బజార్లో దొరికే పసుపుపచ్చ చిన్న మీటర్లలో ఏసీ 200 వోల్టుల రేంజి నుంచే మొదలవుతుంది, ఇంత చిన్న వోల్టు దాంట్లో సరిగా కనిపించదు. ల్యాబులో ఏసీ 2 వోల్టుల రేంజి ఉన్నది ఉంటే అది తెచ్చుకోండి.

ఆఖరుగా ఒక్క మాట, దయచేసి వినండి. వైరులోకి గుండుసూది గుచ్చి కొలవొద్దు. ఆ చిల్లులోంచి నీళ్ళు దిగి, ఆరు నెలల్లో లోపల చిలుం పడుతుంది. ఈ రోజు కొలిచిన చోటే రేపు తెగుతుంది.

వరంగల్ ట్యాక్సీ:

అన్న చెప్పింది కరెక్ట్. కొత్త రకం సెన్సర్లున్న బండ్లు వాడేవాళ్ళకి పనికొస్తుందని నాదీ రాస్తున్నా. నాది 2019 బండి. ముందు కుడి చక్రం బేరింగ్ మార్పించా. బయటికి తీసిన పది నిమిషాలకే ఏబీఎస్ లైటు. సెన్సర్ మార్చారు, పోలేదు. ఇంకో సెన్సర్ వేశారు, పోలేదు. చివరికి హన్మకొండలో ఒక ముసలాయన బేరింగ్ విప్పించి చూపించిండు. ఈ బండ్లలో పళ్ళ రింగు ఉండదు. బేరింగ్ సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటది. ఆ పట్టీ సెన్సర్ వైపు ఉండాలె. మాది తిరగేసి కొట్టిన్రు. రెండు సీళ్ళూ చూడ్డానికి ఒకే తీరుగ ఉంటయ్. సన్నటి ఇనుప రజను దగ్గర పెడితే అయస్కాంతం ఉన్న వైపు అంటుకుంటది, రెండో వైపు అంటదు. బేరింగ్ మార్పించేటోళ్ళు కొట్టకముందే ఇది చూపించమని అడగండి. తిరగేసి కొట్టిన బేరింగ్‌ని మళ్ళీ విప్పితే అది పనికి రాదు, కొత్తదే కొనాలె.

కోనసీమ టీచర్:

అందరికీ, ముఖ్యంగా ఆటోనగర్ అన్నయ్య గారికి చాలా చాలా ధన్యవాదాలు. ఆదివారం పొద్దున్న 7 గంటలకి మొదలుపెట్టాం. నేను, మా తమ్ముడు, పక్కన కుర్చీలో నాన్న. ల్యాబు మీటరు హెచ్‌ఎం గారికి చెప్పి తెచ్చుకున్నాను, ఏసీ 2 వోల్టుల రేంజి ఉంది.

బ్రేకు ఆయిల్ గీత దగ్గరే ఉంది. టైర్లు నాలుగూ ఒకే సైజు. బ్యాటరీ స్టార్ట్ అయ్యాక 14.1. సెన్సర్ మార్చింది సరైన చక్రానికే.

డ్రైవ్‌షాఫ్ట్ మీద పళ్ళ రింగు కనిపించింది. గుడ్డతో తుడిచి, సుద్దతో గుర్తుపెట్టి పళ్ళు లెక్కపెట్టాను, 44. ఒక్క పన్నూ విరగలేదు, రింగుకి పగులు లేదు. అంటే పాత రకమే.

సెన్సర్ దగ్గర కొలతలు: కుడి పాతది 1,190 ఓమ్స్. ఎడమ కొత్తది 1,120. ఏబీఎస్ కప్లరు దగ్గర కుడి 1,192, స్టీరింగ్ ఎంత తిప్పినా కదల్లేదు. ఎడమ, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు 1,124. తమ్ముడు ఎడమ చివరకి తిప్పాడు, 1,124. తిన్నగా తెచ్చి కుడికి తిప్పడం మొదలుపెట్టాడు. ముప్పావు వంతు దాటేసరికి అంకె 1,310 అయింది, 1,700 అయింది, తర్వాత తెర మీద ఎడమ పక్కన ఒట్టి ‘1’ నిలబడింది. రేంజి దాటిపోయిందన్నమాట. కాస్త వెనక్కి తిప్పమంటే మళ్ళీ 1,124. ఏడు సార్లు చేశాం, ఏడు సార్లూ అదే చోట పోయింది. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి ‘మళ్ళీ ఒకసారి తిప్పరా’ అని తనే దగ్గరుండి చూశారు.

ఏసీ వోల్టులు, స్టీరింగ్ తిన్నగా ఉంచి చక్రం సెకనుకి ఒక చుట్టు తిప్పితే కుడి 0.31, ఎడమ 0.29. పళ్ళు 44 కాబట్టి అప్పుడు పుట్టేది సుమారు 44 హెర్ట్జ్, మన ఇళ్ళల్లో కరెంటు 50కి దగ్గరే. అందుకే మామూలు మీటరు కూడా సరిగ్గా చదవగలిగిందని అనుకుంటున్నాను. ఈసారి పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు కారుని స్కూల్ గ్రౌండులోనే పెట్టి చూపిస్తాను.

కొత్త సెన్సర్‌తో వచ్చిన వైరు జానెడే, స్ట్రట్ దగ్గర కప్లరుతో అయిపోతుంది. అందుకే సెన్సర్ మార్చినా లాభం లేకపోయింది. కప్లరు నుంచి మడ్‌గార్డ్ లోపలికి వెళ్ళే వైరే స్టీరింగ్‌తో పాటు తిరుగుతోంది. ఆ వైరుని స్ట్రట్‌కి ఒక ప్లాస్టిక్ టైతో గట్టిగా బిగించి కట్టారు. ఏ మాత్రం వదులు లేదు. కుడికి తిప్పితే తీగలా బిగుసుకుంటోంది. కుడి పక్కది కూడా అలాగే ఉంది గానీ అంత బిగువు లేదు. జూన్‌లో షాక్ అబ్జార్బర్లు మార్పించాం. లైటు మొదలైంది ఆగస్టులో. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఇప్పుడేం చేయాలి? మా ఊరి ఎలక్ట్రీషియన్ ‘తెగిన చోట కలిపి టేపు చుట్టేస్తా’ అంటున్నాడు.

ఆటోనగర్ వైరింగ్:

టీచర్ గారూ, మా దగ్గర నేర్చుకునే కుర్రాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా కొలవరు. మనసుకి చాలా సంతోషం వేసింది.

సంబంధం కచ్చితంగా ఉంది. స్ట్రట్ మీద ఈ వైరుకి కంపెనీ క్లిప్పు, రబ్బరు గ్రొమెట్ ఉంటాయి. వైరు ఎక్కడ ఎంత వదులుగా ఉండాలో అవే కొలిచి పట్టుకుంటాయి. షాకులు మార్చేటప్పుడు క్లిప్పు విరిగుంటుంది. దాని బదులు టై వేసి లాగి కట్టారు. రెండు నెలలు రోజూ సాగి సాగి లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగాయి, పైన తొక్క మాత్రం బాగానే కనిపిస్తుంది. మీ మీటరు ఒక్కసారిగా పోకుండా 1,310, 1,700 అని ఎక్కింది చూశారా, తెగిన కొసలు సరిగా ఆనకుండా చిలుం మీదుగా తగులుతున్నాయని దాని అర్థం. యూనిట్‌కి ఆ క్షణం చాలు, కోడ్ రాసుకుని, మళ్ళీ స్టార్ట్ చేసేదాకా ఏబీఎస్ ఆపేస్తుంది. మలుపులో వెలిగిన లైటుతోనే మీరు మిగతా దారంతా వెళ్ళారు. గేదె అడ్డం వచ్చిన రోజూ అంతే జరిగి ఉంటుంది.

టేపు వద్దు. వంగే చోట అతుకు అసలే వద్దు. అతుకు పెట్టిన చోట వైరు కర్రలా గట్టిపడి, దాని పక్కనే మళ్ళీ తెగుతుంది. కప్లరు దగ్గర కదలని చోట నుంచి మడ్‌గార్డ్ లోపల బాడీ దాకా, మధ్యలో వంగే ముక్క మొత్తం కొత్త వైరు వేయించండి. పాత వైరు ఎంత లావో అంతే లావు, సన్న పోగులు ఎక్కువగా ఉన్న మెత్తటి వైరు కావాలి. రెండు వైర్లూ పాతవాటిలాగే ఒకదానికొకటి మెలిపెట్టాలి. ఆ మెలిక ఊరికే పెట్టింది కాదు, పక్కనుంచి వచ్చే ఇతర కరెంటు గోల సిగ్నల్‌లోకి దూరకుండా పెట్టింది. అతుకులు రెండూ ఎదురెదురుగా రాకుండా ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద వేయమనండి. లోపల జిగురు ఉండే హీట్ స్లీవ్ (వేడికి ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) వేసి వేడి చేయాలి, నీళ్ళు దిగకూడదు. మీది కోనసీమ, ఉప్పు గాలి. ఇందులో పిసినారితనం వద్దు.

క్లిప్పు కొత్తది దొరుకుతుంది, వెల చాలా తక్కువ. దొరక్కపోతే రబ్బరు ముక్క చుట్టి వదులుగా కట్టండి. కట్టాక స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పి చూడండి, ఏ చివరా వైరు బిగుసుకోకూడదు, టైరుకీ రాసుకోకూడదు. తర్వాత పెద్ద కప్లరు దగ్గర మళ్ళీ అదే పరీక్ష. అంకె కదలకపోతే అన్నీ బిగించి, స్కానర్‌తో కోడ్ చెరిపించండి.

కుడి పక్క వైరు నాకు నచ్చడం లేదు. షాకులు రెండూ ఒకే రోజు, ఒకే చెయ్యి మార్చింది. దాన్ని కూడా విప్పించి చూడండి.

నాలుగు చక్రాలు:

ఈబీడీ సంగతి నాకు తెలియదు అన్నా. బాబాయ్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను. ఫ్యూజు తిరిగి పెట్టిస్తున్నాం, వచ్చే వారం కోడ్ చూపిస్తాం. దాన్ని ఇక్కడే రాస్తాను, సాయం చేయండి.

కోనసీమ టీచర్:

మూడు వారాలు ఆగి రాస్తున్నాను, తొందరపడి బాగైందని చెప్పకూడదని.

ఎలక్ట్రీషియన్‌కి మీరు రాసింది ఫోనులో చదివి వినిపించాను. మంచివాడు, శ్రద్ధగా విని అలాగే చేశాడు. తెగిన ముక్క నేను అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో బ్లేడుతో తొక్క చీల్చి చూశాం. పైకి నల్లగా నున్నగా ఉంది. లోపల వేలి వెడల్పు మేర రాగి పోగులన్నీ తెగి, కొసలు ఆకుపచ్చగా పొడి పొడిగా రాలాయి. వంచితే ఆ చోట మాత్రం వైరు ఉడికిన సేమియాలా మెత్తగా ఒరిగిపోతోంది, మిగతా చోట స్ప్రింగులా వెనక్కి వస్తోంది. కంటికి కనపడనిది వేలికి తెలుస్తోంది.

మొత్తం ఖర్చు 850. అందులో క్లిప్పులు రెండు 120. కప్లరు దగ్గర ఇప్పుడు 1,123, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై సార్లు తిప్పించాను, కదల్లేదు. కోడ్ చెరిపించాం. తర్వాత ఒక ఆదివారం ఎవరూ లేని ఖాళీ స్థలంలో, మట్టి నేల మీద 30 స్పీడులో తమ్ముడు గట్టిగా బ్రేకు తొక్కాడు. పెడల్ కాలి కింద టకటకా కొట్టింది, లోపల పంపు శబ్దం వినిపించింది, కారు తిన్నగా ఆగింది. నాన్న కళ్ళు చెమర్చాయి.

స్కూలు గేటు దగ్గర కుడికి తిరగడం ఇప్పటికి 17 సార్లు. నోట్‌బుక్‌లో లైటు అన్న గడి ఖాళీగా ఉంది.

కుడి పక్క వైరు కూడా విప్పించాను అన్నయ్య గారూ. మీ అనుమానం నిజమే. క్లిప్పు లేదు, టై వేసి కట్టారు. టై ఒరిసిన చోట తొక్క మీద గాటు పడింది గానీ లోపలికి దిగలేదు, పోగులు బాగున్నాయి. రెండో క్లిప్పు అక్కడ పెట్టించి, గాటు మీద స్లీవ్ వేయించాను. పాత టై రెండు ముక్కలూ నోట్‌బుక్‌లో అంటించి పెట్టాను.